ఇనపోడు మా ఇంటికి వచ్చిన వరస

మొన్న డెలానీపూర్‌లో మా తమ్ముడు దానియేలు ఇంటికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నానో లేదో, వాడి కొడుకు జోయెల్ టీవీ వెనక పుల్లంత వస్తువేదో గుచ్చి, "అత్తా, మీ ఇనపోడు దొరికాడు. తీనో పార్ట్‌లూ ఉన్నాయి, ఎక్‌దమ్ క్లియర్" అన్నాడు. ఆ పేరు ఆ ఇంట్లో వినపడి ఎన్నేళ్ళయిందో. తెర మీద తెల్లటి యంత్రం ఒకటి రెక్కలు విప్పుకుని నిలబడింది. దాని భుజం మీద ఎర్రచార. ఆ చార నాకు బాగా గుర్తు. మా పాత టీవీలో అది ఎర్రగా ఉండేది కాదు, ఇటుక రంగులో గీతలు గీతలుగా వణుకుతూ ఉండేది. ఇప్పుడు నిలకడగా, నిన్న సాయంత్రం రంగు వేసినట్టు ఉంది.

ఇనపోడంటే ఎవరో చెప్పాలి. జపాను వాళ్ళు గీసిన బొమ్మల కథ అది. కొబ్బరిచెట్టుకు మూడింతలు ఎత్తున్న ఇనుప మనిషి. గుండెకాయ ఉండాల్సిన చోట ఒక చిన్న గది. ఆ గదిలో ఒకడు కూర్చుని మీటలు తిప్పితే యంత్రం నడుస్తుంది, కొడుతుంది, పడుతుంది, లేస్తుంది. ఒక్కో భాగం ఒక సినిమా అంత. క్యాసెట్ల మీద పేరు ఏ భాషలో ఉందో కూడా మాకు తెలియదు. మా అమ్మమ్మ రూతమ్మ మొదటిసారి చూసి, "ఈ ఇనపోడెవుడర్రా, ఇంత సప్పుడు సేస్తన్నాడు" అంది. అదే పేరైపోయింది. ఆ మూడు భాగాల్లో ఏది గొప్పదని జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నారట, జోయెల్ ఫోనులో చూపించాడు. మేమూ తక్కువ తినలేదు. ఆ వాదన మా ఇంట్లో అన్నం కంచాల ముందు ఏళ్ళ తరబడి నడిచింది.

"నీకు ఏది బెస్ట్, అత్తా?" అని అడిగాడు జోయెల్. చివరిది అన్నాను. "వైట్‌వాలానా?" అన్నాడు. "కాదురా, తెల్లది మొదటిది కదా. చివర్లో వచ్చేది బొద్దుగా, రేవులో క్రేన్‌లా ఉంటుంది చూడు, అది" అన్నాను. వాడు నా వంక వింతగా చూసి నవ్వేశాడు. "అత్తా, మీరు పూరా ఉల్టా చూశారు. ఆ మోటాది ఫస్ట్ పార్ట్. వైట్‌ది లాస్ట్." దానియేలు నవ్వలేదు. నాకంటే చిన్నవాడైనా వాడికీ అన్నీ గుర్తున్నాయని ఆ ముఖం చూస్తే తెలిసింది. "ఉల్టా అయితే..." అని ఏదో మొదలుపెట్టి ఆగిపోయాడు. వాడు ఆపింది ఏమిటో నాకు తెలుసు. ఆ ఉల్టా వరస మీదే మా ఇల్లు ఒకసారి నిలబడింది.

క్యాసెట్లు తెచ్చింది మా మామయ్య ప్రకాశం. మా దీవి నుంచి మెయిన్‌లాండ్‌కు తిరిగే ఓడలో స్టీవార్డు. మా తాత స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం వైపు సముద్రపుటూరి నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. నేను పుట్టేసరికే లేడు. కొడుకు ఎప్పుడూ నీళ్ళ మీదే ఉంటాడని అమ్మమ్మ మా అమ్మ దగ్గర, నాన్నకిచ్చిన సర్కారు క్వార్టర్లో ఉండేది. హడ్డో రేవు వైపు నుంచి ఓడ కూత వినపడితే ఆమెకు ఎక్కడలేని ఓపికా వచ్చేది. చింతపండు నానబెట్టేది, మట్టిదాక కడిగి బోర్లించేది, చేపలమ్మి వస్తే ఒక్కో చేప చెవి ఎత్తి చూసి ఇది పొద్దుటిది, ఇది నిన్నటిది అని తేల్చేది. కానాగంతల పులుసు కాచి, అందులో సగం మర్నాటికి దాచేది. రాత్రి నిలవున్న పులుసే పులుసని ఆమె సిద్ధాంతం. మామయ్య గుమ్మంలోకి వచ్చేసరికి అతని కంటే ముందు డీజిలు, ఫినాయిలు, ఉల్లిపాయలు కలిసిన ఓడ వాసన వచ్చేది. స్నానం చేయమని అమ్మ అరుస్తున్నా వినకుండా అమ్మమ్మ అతన్ని కంచం ముందు కూర్చోబెట్టేది. "ఎప్పుడొచ్చేవు నాయినా" అని అడిగేది. అప్పుడే కదా వచ్చాడు, కళ్ళ ముందే వచ్చాడు. అయినా అడిగేది. అతనూ ప్రతిసారీ, "ఇప్పుడే అమ్మా" అనేవాడు.

మామయ్యకు ఇంకో ఉద్యోగం ఉండేది, జీతం లేనిది. మా తెలుగు చర్చికి హిందీలోనో ఇంగ్లీషులోనో ప్రసంగించే పాస్టరు వస్తే, పక్కన నిలబడి మాటకు మాట తెలుగులో చెప్పేది అతనే. పాస్టరు గారు రెండు ముక్కలు అంటే మామయ్య ఆరు ముక్కలు చెప్పేవాడు. అసలు కంటే కొసరు ఎక్కువ. అయినా మామయ్య నిలబడితేనే ప్రసంగం అర్థమయ్యేదని ఆడవాళ్ళు అనేవాళ్ళు. ఒక ట్రిప్పులో క్యాసెట్లు ఆడించే డెక్కు తెచ్చాడు. దానితోపాటు మద్రాసు రేవు పక్క బజారులో దొరికిన ఇనపోడి క్యాసెట్టు ఒకటి. మాటలన్నీ జపానులోనే. చుట్టుపక్కల క్వార్టర్ల పిల్లలు, ప్రార్థన కూటానికి వచ్చిన ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదు. మామయ్య లేచి, లుంగీ సవరించుకుని, చర్చిలో నిలబడినట్టే టీవీ పక్కన నిలబడ్డాడు. "కెప్టెన్ ఏమంటున్నాడంటే" అని మొదలుపెట్టాడు. అతనికి జపాను ఒక్క ముక్క రాదు. అది మాకెవరికీ ఒక్క క్షణం కూడా తోచలేదు.

ఆ మొదటి క్యాసెట్టులో ఇనపోడు తెల్లగా ఉంటాడు. ఎగురుతాడు, నీళ్ళ మీద జారతాడు, కత్తి దూస్తే ఆకాశం రంగు మారుతుంది. సంగీతం మూడింటిలోకీ అదే గొప్పది, ఇప్పటికీ అదే మాట అంటాను. కానీ కథ హడావిడి. మనుషులు నిలబడి ఒక మాట అనుకునే తీరికే లేదు. మామయ్యకు ఊపిరి ఆడేది కాదు పాపం. అందులో ప్రాణమున్నది ఒక్క కెప్టెనే. చెంపలు నెరిసినవాడు, నుదుటి నుంచి చెంపదాకా లోతైన మచ్చ. చివర్లో పిల్లలందరినీ ఒక ఓడ ఎక్కించి, రేవు ఇనుపగేటు పడిపోకుండా ఇనపోడి చేతులతో ఎత్తి పట్టుకుని, ఓడ దాటాక ఆ యంత్రంతో సహా సముద్రంలోకి దిగిపోతాడు. "కెప్టెన్ అంటున్నాడు, ముందు ఓడ, తర్వాతే నేను" అన్నాడు మామయ్య. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు ఒత్తుకున్నారు. అమ్మమ్మ ఏడవలేదు. "వాడికి తల్లి నేదేటి?" అని అడిగింది. "ఉందమ్మా. తర్వాత భాగంలో వస్తాది" అన్నాడు మామయ్య, తడుముకోకుండా.

రెండో క్యాసెట్టు చాలా ట్రిప్పుల తర్వాత వచ్చింది. అందులో కెప్టెన్ లేడు. ఎక్కడో కొండల ఊరు, ఎడతెగని వాన, ఒక ఆడపిల్ల ఇనపోణ్ణి నడుపుతుంది. ఇనపోడు బూడిదరంగులో, ఒళ్ళంతా అతుకులతో, ఒక మోకాలు సరిగా వంగక ఈడుస్తూ నడుస్తాడు. "కెప్టెన్ పోయాడు కదా. ఇనపోణ్ణి సముద్రంలోంచి తీశారు. ఉప్పునీరు తగిలిన ఇనుము అలాగే అవుతుంది" అని మామయ్య చెప్పాడు. మా అందరి తలలూ ఊగాయి. ఎందుకూగవు? మా దీవిలో ఏ యంత్రమైనా కొత్తగా మెరుస్తూ ఓడ దిగుతుంది. ఆరు నెలల్లో తుప్పు పడుతుంది. విడిభాగం మెయిన్‌లాండ్ నుంచి రాదు. ఎవరో దొరికిన రేకుతో అతుకు వేస్తారు. బస్సయినా, బోటయినా, మా పంఖా అయినా అంతే. యంత్రాలు భాగం భాగానికీ మెరుగవుతాయన్న సంగతి తెలిసినవాళ్ళకు మా వరస తప్పుగా కనిపిస్తుంది. మాకు అదే ముక్కుసూటి వరస. ఆ వాన భాగమంటే దానియేలుకు ప్రాణం. తెల్లది షోకులమారిదని, ఇది నిజంగా పనిచేసే ఇనపోడని వాదించేవాడు. నాకు మాత్రం అది నసగా ఉండేది. అందులో ఎవరూ నవ్వరు. అమ్మమ్మకు మాత్రం మూతి ముడుచుకుపోయింది. "తల్లిని సూపిస్తానన్నావు, ఏదిరా?" అంది. "ఇంకో భాగం ఉందంట అమ్మా. అందులో పక్కాగా వస్తాది. నాను తెస్తాను కదా" అన్నాడు మామయ్య.

ఆ తర్వాతి ట్రిప్పులో ఓడ వచ్చింది, మామయ్య రాలేదు. మద్రాసులో కామెర్లతో ఆస్పత్రిలో ఉన్నాడన్నారు. నాన్న వెళ్ళడానికి ఇంకో ఓడ దొరికేసరికే అంతా అయిపోయింది. తోటి ఓడవాళ్ళు అక్కడి సమాధుల తోటలోనే పెట్టారు. అమ్మమ్మ కొడుకు ముఖం చూడలేదు, పిడికెడు మట్టి వేయలేదు. చర్చిలో జ్ఞాపకార్థ కూటం జరిగింది. వేరే ఊరి పాస్టరు గారు హిందీలో మాట్లాడారు. ఆయన పక్కన తెలుగు చెప్పేవాడు లేక ఆయన ఒక్కరే నిలబడ్డారు. ఆ ఖాళీ చోటు చూసి అమ్మ భోరుమంది. అమ్మమ్మ మాత్రం ఏడవలేదు, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమె చేప ముట్టడం మానేసింది. మా చర్చిలో ఇలాంటి నియమాలు లేవు, ఎవరూ పెట్టలేదు. ఆమె పెట్టుకుంది. "నా నాయిన నేకుండా నాకు పులుసేటి" అంది అంతే. పుట్టినప్పటి నుంచి చేప తప్ప వేరే కూర ఎరగని మనిషికి చేప లేకపోతే అన్నమే లేదు. మజ్జిగ నీళ్ళు, ఒక గుప్పెడు మెతుకులు. రవికె చేతులు వదులైపోయాయి. మట్టిదాక అటక ఎక్కింది. ఇంకో వానాకాలం చూస్తుందా అని నాన్న అమ్మతో అనడం మేము విన్నాం. అప్పటి నుంచి బడి నుంచి రాగానే ముందు ఆమె కంచం వైపు చూడడం నాకు అలవాటైంది.

మామయ్య ట్రంకుపెట్టె తర్వాతి ఓడలో వచ్చింది. అమ్మ దాన్ని తెరవగానే ఆ డీజిలు, ఫినాయిలు, ఉల్లిపాయల వాసన గదంతా కమ్ముకుంది. బట్టల మడతల మధ్య ఒక తువ్వాలులో చుట్టిన క్యాసెట్టు ఉంది. అట్ట మీద ఇనపోడు. అమ్మ దాన్ని మళ్ళీ లోపల పెట్టబోతే అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆడించండి. నా కోసం ఎతికి తెచ్చేడు. సూడకపోతే మనసు కట్టపెట్టుకుంతాడు" అంది. మర్నాడు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక ఆడించాం. ఈసారి చాపల మీద మేము నలుగురమే, నాన్న గుమ్మంలో. బొమ్మ మొదలైంది, మాటలు మొదలయ్యాయి, టీవీ పక్కన ఎవరూ లేరు. అమ్మమ్మ నావైపు తిరిగి, "ఓలమ్మీ, నువ్వు నిలబడి సెప్పు. మావ నోరు నీకే వచ్చింది" అంది. వెళ్ళి మామయ్య నిలబడిన చోట నిలబడ్డాను.

ఇనపోడు ఇందులో మొరటుగా, బొద్దుగా, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టు ఉన్నాడు. గీసిన గీత కూడా సాదా. రంగులు తక్కువ, ఆకాశమంతా ఒకటే నీలం. మిగిలిన రెండింటి పక్కన పెడితే పేద చుట్టంలా ఉంటాడు. పేదవాళ్ళు, దొరికిన ఇనుముతో, మళ్ళీ కట్టుకున్నారనుకున్నాను. ఆ యంత్రం చుట్టూ ఒక చిన్న రేవు, అక్కడ వలలు ఆరేసిన వీధి, ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లోకి ఒక మనిషి వచ్చి చెప్పులు విడిచాడు. నేను ఆగిపోయాను. కెప్టెన్. సముద్రంలోకి దిగిపోయిన కెప్టెన్. చెంపలు నల్లగా, ముఖం నున్నగా, నవ్వుతూ పీట ముందు కూర్చున్నాడు. వంటింట్లోంచి ఒక ముసలామె వచ్చి అతని ముందు అన్నం గిన్నె, కాల్చిన చేప పెట్టింది. అతను తిన్నాడు. ఆమె ఏదో అడిగింది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, నేను ఆలోచించలేదు. "ఎప్పుడొచ్చేవు నాయినా, అంటంది వాళ్ళమ్మ" అన్నాను.

దానియేలు నేల మీద నుంచి మెల్లగా, "దీదీ, వాడు కెప్టెన్ అయితే మచ్చ ఏది?" అన్నాడు. అమ్మమ్మ తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే చెప్పింది. "తల్లి సేతి కూడు తింతన్నాడు కదరా. మచ్చ మానదేటి?" మళ్ళీ తనే అంది. "సమాధిలోంచి లేచిన పెబువు కూడా సేపే అడిగి తిన్నాడు. సచ్చినోళ్ళు సేప తినరు." ఆ వీధి, ఆ వలలు, ఆ రేవు, అన్నీ తను పుట్టిన ఊరివన్నట్టు సినిమా అయ్యేదాకా చూసింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మ మా కంచాల్లో పులుసు వేస్తుంటే అమ్మమ్మ తన కంచం ముందుకు జరిపింది. "ఓ ముక్క ఇటెయ్యి. తోక ముక్క సాలు" అంది. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కళ్ళ నీళ్ళు పులుసులో పడతాయని నాన్న గరిటె తీసుకుని తనే వడ్డించాడు. సాయంత్రానికి మట్టిదాక అటక దిగింది. అమ్మమ్మ ఆ తర్వాత చాలా వానాకాలాలు చూసింది. నా పెళ్ళికి చేపలు ఆమే ఏరింది.

ఇప్పుడు అదంతా తప్పు వరస మీద జరిగిందని తెలిసింది. అసలు వరసలో కెప్టెన్ కుర్రవాడిగా తల్లి దగ్గర అన్నం తినడం మొదలు, నెరిసిన చెంపలతో సముద్రంలో మునగడం ముగింపు. లేచి రావడమన్నది లేనే లేదు. ఆ రాత్రి వండూర్‌లో మా ఇంటికి తిరిగి వెళ్ళాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. అమ్మమ్మకు తెలుసా అని ఆలోచించాను. చేప చెవి ఎత్తి ఏ పూటదో చెప్పే మనిషికి ఒక ముఖం వయసు తెలియదా? తెలిసే ఉంటుందని ఇప్పుడు నా నమ్మకం. తెలిసీ, టీవీ పక్కన మొదటిసారి నిలబడిన నా మాట పడిపోకుండా పట్టుకుంది. లేదా తెలియదేమో, నిజంగా నమ్మిందేమో. ఆమెను అడగడానికి ఇప్పుడు లేదు. ఆ క్వార్టర్లు కూలగొట్టి మేడలు కట్టారు. ఓడ కూతకు ఇప్పుడు ఎవరూ చింతపండు నానబెట్టరు. అందరూ విమానాల్లో పోతున్నారు, వస్తున్నారు, ఫోనులో ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. అది మంచిదే. మామయ్యను ఆఖరిసారి ఫోనులోనైనా చూపించగలిగి ఉంటే అమ్మమ్మ ఏమిచ్చుకునేదో నాకు తెలుసు. అయినా ఏదీ అర్థం కాని ఒక బొమ్మ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని, ఒక మనిషి నోటి వైపు చూసిన ఆ కూర్చోవడం కోసం నా ప్రాణం కొట్టుకుంటుంది.

మర్నాడు మళ్ళీ డెలానీపూర్ వెళ్ళాను. జోయెల్, "అత్తా, చలో, సీధా ఆర్డర్‌లో చూద్దాం. ఫస్ట్ సే" అన్నాడు. దానియేలు కుర్చీలోంచి, "తెల్లది పెట్టరా ముందు" అన్నాడు. "డాడీ, అది లాస్ట్ పార్ట్." "తెలుసు. మా మామయ్య తెచ్చిన వరసలో పెట్టు." కుర్రవాడు భుజాలెగరేసి అలాగే పెట్టాడు. మూడు మధ్యాహ్నాలు చూశాం. తెల్లది చూస్తూ దానియేలు మళ్ళీ షోకులమారిదన్నాడు. వానది చూస్తూ నేను మళ్ళీ నస అన్నాను, ఈసారి మాత్రం ఆ పిల్ల ఎందుకు నవ్వదో నాకు అర్థమైంది. జోయెల్ యంత్రాల ఇంజన్ల గురించి, గీసినవాళ్ళ గురించి ఏవేవో చెప్పాడు. వాడి లెక్కలో తెల్లదే గొప్పది. ఎవరి లెక్క వాళ్ళది.

మూడో మధ్యాహ్నం ఆ వీధి వచ్చింది. వలలు, పెంకుటిల్లు, చెప్పులు విడిచే మనిషి. తెర అడుగున ఇంగ్లీషులో మాటలు పడుతున్నాయి. ముసలామె చేప గిన్నె పెట్టి కొడుకు వంక చూసింది. అడుగున పడ్డ మాట నేను చదివాను, దానియేలు చదివాడు. జోయెల్ పైకే చెప్పాడు: "మదర్ పూఛ్ రహీ హై, మళ్ళీ ఎప్పుడు వెళ్ళిపోతావు అని." వాడికేం తెలుసు, ఉన్నది చెప్పాడు. దానియేలు రిమోటు తీసుకుని బొమ్మ ఆపాడు. "ఆ కింద రాత తీసెయ్ రా" అన్నాడు. జోయెల్ తీసేశాడు. "కొంచెం వెనక్కి తిప్పు" అన్నాడు. తిప్పాడు. తర్వాత దానియేలు నా వైపు చూశాడు, నేల మీద చాప లేకపోయినా చాప మీద నుంచి చూసినట్టే. "చెప్పు దీదీ" అన్నాడు.

నేను లేచాను. మోకాళ్ళు పట్టేశాయి, గోడ పట్టుకుని టీవీ పక్కన నిలబడ్డాను. మనిషి వచ్చి చెప్పులు విడిచాడు. పీట ముందు కూర్చున్నాడు. ముసలామె చేప పెట్టింది, నోరు తెరిచింది.

"ఎప్పుడొచ్చేవు నాయినా, అంటంది వాళ్ళమ్మ" అన్నాను.

దానియేలు తెర వంక చూస్తూ, "ఇప్పుడే అమ్మా" అన్నాడు.